కాకి వాలింది... పండు రాలింది!

అంకెల వెనుక

టీకా వేయించుకున్న మనిషి ఆసుపత్రిలో చేరినా, కన్నుమూసినా ఊరిది ఒకటే మాట... 'ఆ ఇంజక్షన్ వల్లే'. అధికారులదీ ఒకటే మాట... 'దానికీ దీనికీ సంబంధం లేదు'. రెండూ తొందరపాటు మాటలే. నిజం తేల్చాల్సింది కాగితాలు, అంకెలు. వాటిని చదవడం రాకపోతే అనవసరంగా భయపడతాం. అసలు దాచిపెట్టకపోతే అవసరమైనప్పుడు కూడా నిజం తెలుసుకోలేం.

*

2021 వేసవి. తూర్పుగోదావరి జిల్లా కరోనాతో అల్లాడుతున్న రోజులు. కోనసీమ అప్పటికి ఇంకా ఆ జిల్లాలో భాగమే. రాజోలు, కొత్తపేట, అమలాపురం... ఏ వైపు వెళ్లినా, ఏ అరుగు మీద కూర్చున్నా ఇలాంటి సంభాషణ ఒకటి చెవిన పడేది.

'ఆయ్... సోమవారం ఏయించుకున్నారండి. బుధవారం తెల్లారేసరికి లేరండి.'

'ముందునుంచీ ఏమన్నా ఉందేంటండి?'

'బీపీ, సుగరూ ఉన్నాయనుకోండి. కానీ మొన్నటిదాకా చక్కగా తిరిగారు కదండీ!'

అంతే. మర్నాడు ఏఎన్ఎం టీకాల పెట్టె భుజాన వేసుకుని, రేవు దాటి లంకలోకి వస్తే సగం ఇళ్లకు తలుపులు వేసి ఉంటాయి. 'ఆయన చేలోకెళ్లారమ్మా' అని లోపల్నుంచే సమాధానం.

ఆ అరుగు మీద అబద్ధం చెప్పినవాళ్లు ఎవరూ లేరు. సోమవారం టీకా వేయించుకున్నది నిజం. బుధవారం పోయిందీ నిజం. ఆ రెండింటికీ మధ్య ముడి ఉందా లేదా అన్నదే తేలాల్సిన విషయం.

దీనికి మన పెద్దలు ఎప్పుడో ఓ పేరు పెట్టారు. తాటిచెట్టు మీద కాకి వాలింది. అదే క్షణాన పండు రాలింది. కాకి వాలబట్టి రాలిందా? ఎలాగూ రాలబోయే పండు మీదే కాకి వాలిందా? 'కాకతాళీయం' అన్న మాట పుట్టింది ఈ ప్రశ్నలోంచే. టీకా తర్వాతి మరణాలను పరిశీలించే డాక్టర్ల కమిటీలు నేటికీ వేసుకునే మొదటి ప్రశ్న కూడా ఇదే.

రోజుకు ముప్ఫై

ముందుగా ఓ చిన్న లెక్క. మన దగ్గర ప్రతి వెయ్యిమందిలో ఏడాదికి సగటున ఆరేడుగురు రకరకాల కారణాలతో మరణిస్తుంటారు. గుండెపోటు, పక్షవాతం, రోడ్డు ప్రమాదం, పాముకాటు, వృద్ధాప్యం... అన్నీ కలిపి. ఇప్పటి కోనసీమ జిల్లా జనాభా 2011 లెక్కల ప్రకారం 17 లక్షల పైచిలుకు. అంటే ఏ మహమ్మారీ లేని మామూలు సంవత్సరంలోనూ ఇక్కడ సుమారు 11 వేలమంది కన్నుమూస్తారు. రోజుకు ముప్ఫైమంది!

ఒక సోమవారం ఉదయం జిల్లాలో ప్రతి ఒక్కరికీ గ్లాసుడు కొబ్బరినీళ్లు తాగించారనుకోండి. మళ్లీ సోమవారం వచ్చేసరికి వారిలో రెండొందల మందికి పైగా ఈ లోకంలో ఉండరు. ఆ రెండొందల ఇళ్లలోనూ 'కొబ్బరినీళ్లు తాగిన వారంలోపే...' అనుకోవచ్చు. అందులో అబద్ధం లేదు. అలాగని కొబ్బరినీళ్లు ప్రాణం తీశాయని ఎవరూ అనరు. కొబ్బరినీళ్లు మనకు కొత్త కాదు కాబట్టి. టీకా కొత్తది కాబట్టి అనుమానం దానిమీదికి వెళుతుంది.

2021 జూన్ 20న ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కరోజే 13 లక్షలకు పైగా డోసులు వేశారు. పై లెక్కన, ఏ టీకా లేకపోయినా అంతమందిలో వారం తిరిగేలోగా సుమారు నూటయాభై మంది చనిపోయే అవకాశం ఉంది. వయసు పైబడినవారు ఎక్కువగా ఉంటే ఆ సంఖ్య ఇంకా పెరుగుతుంది. వైద్య సిబ్బంది లాంటివారి తర్వాత టీకాలు ముందుగా ఇచ్చిందేమో పెద్దవాళ్లకీ, బీపీ షుగర్లు ఉన్నవాళ్లకీ!

అందుకే 'టీకా తర్వాత' వేరు, 'టీకా వల్ల' వేరు. అయితే ఇక్కడే ఇంకో మెలిక ఉంది. 'వల్ల' పోయినవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లు కూడా ఈ 'తర్వాత' పోయినవాళ్ల గుంపులోనే కలిసి ఉంటారు. కాబట్టి ఈ జాబితాను చూసి భయపడటం ఎంత తప్పో, చెత్తబుట్టలో పడేయడమూ అంతే తప్పు.

మంచాల లెక్కలో తికమక

ఆసుపత్రిలో చేరినవారి లెక్క ఇంతకంటే తికమకపెడుతుంది. 'వార్డులో ఉన్నవాళ్లలో టీకా వేయించుకున్నవాళ్లే ఎక్కువట... ఇంక వేయించుకుని ఏం లాభం?' అన్న మాట మూడో వేవ్ నాటికి ఊరూరా వినిపించింది.

ఒక ఊళ్లో వెయ్యిమంది పెద్దవాళ్లు ఉన్నారనుకుందాం. తొమ్మిదొందల మంది టీకా వేయించుకున్నారు. వందమంది వద్దన్నారు. జబ్బు ఊరిమీద పడింది. టీకా లేని వందమందిలో పదిమంది ఆసుపత్రి పాలయ్యారు. టీకా వేయించుకున్నవాళ్లలో మాత్రం నూటికి ఇద్దరే... అంటే మొత్తం పద్దెనిమిది మంది. వార్డులోకి వెళ్లి చూస్తే ఇరవై ఎనిమిది మంచాల్లో పద్దెనిమిది టీకా వేయించుకున్నవారివే! చూసినవాళ్లు టీకా పనిచేయలేదంటారు. నిజానికి అది ముప్పును పదినుంచి రెండుకు తగ్గించింది.

మంచాలు లెక్కపెడితే సరిపోదు. ఆ మంచాల్లోకి ఎంతమంది జనంలోంచి వచ్చారన్నది కూడా తెలియాలి. అందుకే 2021లో భారత వైద్య పరిశోధన మండలి టీకాల వివరాలను, కరోనా పరీక్షల వివరాలను, మరణాల వివరాలను ఒకచోట కలిపి చూసింది. ఆ ఏడాది ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా సమాచారంతో, కరోనా మరణాన్ని అడ్డుకోవడంలో ఒక డోసు 96.6 శాతం, రెండు డోసులు 97.5 శాతం ఫలించాయని సెప్టెంబరులో ప్రకటించింది. మూడు పద్దులు ముడిపెడితేనే ఈ మాట చెప్పగలిగారు. విడివిడిగా చూస్తే దేంట్లోనూ కనపడని సంగతి ఇది.

ఊరి నుంచి దిల్లీ దాకా

ఇంతకీ టీకా తర్వాత ఎవరికైనా ఏమైనా అయితే ఆ సంగతి ఎక్కడికి వెళుతుంది?

టీకా అనంతర ఇబ్బందులను వైద్యశాఖ పరిభాషలో ఏఈఎఫ్ఐ అంటారు. కాస్త జ్వరం, చెయ్యి నొప్పి, వాపు... ఇవి చిన్నవి. ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే, వైకల్యం ఏర్పడితే, మరణం సంభవిస్తే, ఒకేచోట నలుగురైదుగురికి ఒకేలా జరిగితే... ఇవి పెద్దవి. పెద్దవాటిని ఏఎన్ఎం వెంటనే ప్రాథమిక ఆరోగ్యకేంద్రం డాక్టరుకి చెప్పాలి. ఆయన ఇరవై నాలుగు గంటల్లో జిల్లా ఇమ్యునైజేషన్ అధికారికి నివేదిక పంపాలి. పది రోజుల్లో ప్రాథమిక విచారణ, డెబ్భై రోజుల్లో పూర్తి విచారణ పత్రాలు సిద్ధం కావాలి. ఆ తర్వాత రాష్ట్ర కమిటీ, జాతీయ కమిటీ.

2021లో అంతర్వేదిలోనో, సఖినేటిపల్లిలోనో జరిగిన సంఘటన కాకినాడలోని జిల్లా కార్యాలయానికి చేరాల్సి వచ్చేది. 2022 ఏప్రిల్ 4న అమలాపురం కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడ్డాక దారి దగ్గరైంది. కానీ దారి ఎంత దగ్గరైనా మొదటి కాగితం కదలాల్సింది మాత్రం ఊళ్లోనుంచే.

కమిటీ ముందుకు వచ్చిన ఫైలును చివరికి కొన్ని అరల్లో ఒకదానిలో పెడతారు. టీకా మందు వల్లే జరిగినవి ఒక అర. మందు తయారీలో లోపం వల్ల జరిగినవి ఇంకో అర. వేసేవారి పొరపాటు మరొకటి. సూది భయంతో కళ్లు తిరిగి పడిపోవడం లాంటివి ఒకటి. కాకతాళీయం అనదగ్గవి ఒకటి. అనుమానం ఉన్నా రుజువు చాలనివి ఒకటి. ఇక చివరిది... కాగితాలు లేక ఏమీ చెప్పలేనివి.

ముప్ఫై ఒక్క ఫైళ్లు

2021 జనవరి 16న కరోనా టీకా మొదలైంది. ఆ నెలలోనే తెలంగాణలోని నిర్మల్ జిల్లాలో వైద్య సిబ్బందిలో ఒకరు, గుంటూరు జిల్లాలో ఓ ఆశా కార్యకర్త టీకా వేయించుకున్నాక మరణించారు. రెండు రాష్ట్రాల్లోనూ ఆసుపత్రి సిబ్బందే జంకిన రోజులవి.

మార్చి నెలాఖరుకు జాతీయ కమిటీ 31 తీవ్రమైన కేసులను పరిశీలించడం పూర్తిచేసింది. అందులో తేలిందేమిటంటే... 18 కాకతాళీయం. ఏడింటిలో అనుమానం ఉన్నా తేల్చడానికి ఆధారాలు చాలలేదు. ఒకటి సూదిభయం. మూడు టీకా మందుకు సంబంధించినవే. రెండింటి విషయంలో సమాచారం లేక ఏమీ చెప్పలేమన్నారు.

టీకాకు సంబంధించిన ఆ మూడూ తీవ్రమైన ఎలర్జీ కేసులు. ఇద్దరు ఆసుపత్రిలో కోలుకున్నారు. మార్చి 8న టీకా వేయించుకున్న 68 ఏళ్ల వ్యక్తి మాత్రం దక్కలేదు. కరోనా టీకా వల్లే సంభవించిందని మనదేశంలో కమిటీ అంగీకరించిన మొదటి మరణం అదే. ఇలాంటి ఎలర్జీ చాలావరకు అరగంటలోపే బయటపడుతుంది. వెంటనే ఎడ్రినలిన్ ఇంజక్షన్ ఇస్తే ప్రాణం నిలుస్తుంది. టీకా కేంద్రంలో 'అరగంట కూర్చుని వెళ్లండి' అన్నది అందుకే. బయట ఆటో ఎదురుచూస్తోందనో, పొయ్యిమీద కూర ఉందనో లేచి వచ్చేసేవారికి ఈ కారణం ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేది!

అదే నివేదికతో పాటు ప్రభుత్వం ఇంకో లెక్క బయటపెట్టింది. ఏప్రిల్ మొదటివారం నాటికి ప్రతి పది లక్షల డోసులకు నమోదైన మరణాలు 2.7, ఆసుపత్రిలో చేరికలు 4.8. ఇవి 'తర్వాత' జరిగినవి, 'వల్ల' జరిగినవి కావు. చూడటానికి ఊరటనిచ్చే అంకెలే. కానీ కాస్త ఆగి ఆలోచించాలి. మామూలుగానే ఒక్కవారంలో పది లక్షల మందిలో నూటికి పైగా మరణాలు సంభవిస్తాయి కదా! మరి టీకా తర్వాత 2.7 మాత్రమే ఎలా నమోదయ్యాయి? టీకా వేయించుకుంటే మామూలు చావులు ఆగిపోవు. అంటే టీకా తర్వాత పోయినవాళ్లలో చాలామంది సంగతి అసలు కాగితం మీదికి రాలేదన్నమాట. అందులో అత్యధికం కాకతాళీయమే కావచ్చు. కానీ చూడకుండా ఆ మాట అనేదెలా?

కాకే రాల్చితే...

చూడటం వల్ల లాభమేమిటో చెప్పే ఉదాహరణలు చాలా ఉన్నాయి.

అమెరికాలో 1998లో పసిపిల్లల విరేచనాలకు రోటాషీల్డ్ అనే టీకా వచ్చింది. అక్కడ ఎవరైనా సరే టీకా తర్వాతి ఇబ్బందిని నమోదు చేయగల వ్యవస్థ ఉంది. ఆ జాబితా అందరికీ కనిపిస్తుంది. మర్నాటి ఏడాదికల్లా అందులో పదిహేనుమంది పిల్లలకు పేగు మెలికపడి మూసుకుపోయినట్లు కనిపించింది. పదిహేనే కదా అని వదిలేయలేదు. పసివాళ్లలో సహజంగా ఎందరికి ఇలా అవుతుందో దానితో పోల్చిచూశారు. తేడా కనిపించింది. 1999లో ఆ టీకాను వెనక్కి తీసుకున్నారు. ఆ అనుభవంతోనే తర్వాత వచ్చిన రోటా టీకాలను మరింత జాగ్రత్తగా, మరెంతోమంది పిల్లలపై పరీక్షించారు. హైదరాబాద్ సంస్థ భారత్ బయోటెక్ తయారుచేసిన రోటావ్యాక్ కూడా ఆ కోవలోదే. 2016లో దేశంలో మొట్టమొదట రోటా చుక్కల మందు మొదలైన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. కోనసీమ అంగన్‌వాడీల్లో పసిపిల్లల నోట్లో పడే ఆ చుక్కల వెనుక ఎక్కడో అమెరికాలో నమోదైన ఆ పదిహేను కాగితాల కథ ఉంది.

కొవిషీల్డ్ సంగతీ అంతే. మనం కొవిషీల్డ్ అన్నదాన్ని బ్రిటన్‌లో ఆస్ట్రాజెనెకా టీకా అన్నారు. అక్కడ టీకా వేయించుకున్న కొందరిలో, అదీ ఎక్కువగా వయసులో ఉన్నవారిలో, రక్తం గడ్డకట్టడం, ప్లేట్‌లెట్లు పడిపోవడం రెండూ కలిసి కనిపించాయి. మామూలుగా చూడని జోడీ అది. అందుకే కొద్ది కేసులకే డాక్టర్ల దృష్టి పడింది. వివరాలను వారంవారం ప్రచురించారు. 2021 ఏప్రిల్‌లో ముప్ఫై ఏళ్లలోపు వారికి, మే నెలలో నలభై ఏళ్లలోపు వారికి వేరే టీకా ఇవ్వాలని సూచించారు. పెద్దవాళ్లకు కొనసాగించారు. వాళ్లకు జబ్బుతో ముప్పు ఎక్కువ, టీకాతో ముప్పు తక్కువ కాబట్టి. టీకాను పూర్తిగా నమ్మడం, పూర్తిగా కొట్టేయడం... రెండూ కాదు. ఎవరికి ఎంత ముప్పో తెలుసుకుని నడుచుకున్నారు.

అదే ఏడాది మే 17న మన కమిటీ కూడా ఇలాంటి కేసులు 26 గుర్తించింది. పది లక్షల డోసులకు 0.61 అన్నమాట. బ్రిటన్‌లో నాలుగు, జర్మనీలో పది అని అదే ప్రకటనలో ఉంది. మనవాళ్ల ఒంటితీరు వల్ల ముప్పు నిజంగానే తక్కువ కావచ్చు. లేదా మన ఊళ్లలో తలనొప్పితో పడిపోయిన మనిషికి స్కానింగ్ దాకా వెళ్లే అవకాశమే దొరక్కపోయి ఉండొచ్చు. ఆ ప్రకటనలోనే ఇంకో అంకె ఉంది. దేశంలోని 753 జిల్లాల్లో 684 నుంచి ఫిర్యాదులు అందాయని. అంటే 69 జిల్లాలనుంచి ఒక్కటీ రాలేదు! అక్కడ ఒక్కరికైనా ఒళ్లు వెచ్చబడలేదనుకోవాలా?

మందు మంచిదే... మాత్ర మారింది

అన్నిసార్లూ తప్పు మందుదే కానక్కర్లేదు. 2019 మార్చిలో హైదరాబాద్ నాంపల్లిలోని పట్టణ ఆరోగ్యకేంద్రంలో పసిపిల్లలకు మామూలుగా వేసే పెంటావాలెంట్ టీకా వేశారు. ఇంటికి వెళ్లాక పిల్లలు మత్తుగా పడిపోయారు. పదుల సంఖ్యలో నీలోఫర్ ఆసుపత్రికి పరుగులు పెట్టారు. కొందరు ప్రాణాలు కోల్పోయారు. టీకా వికటించిందనే మొదట అందరూ అనుకున్నారు. విచారణలో అసలు సంగతి బయటపడింది. జ్వరం రాకుండా ఇచ్చే పారాసిటమాల్ బదులు పెద్దవాళ్లకిచ్చే నొప్పి మాత్ర ట్రమడాల్ చేతికిచ్చారు!

ఆ రోజు 'సంబంధం లేదు' అని ఫైలు మూసేసి ఉంటే? ఆ మాత్రలు ఇంకెన్ని ఇళ్లకు వెళ్లేవో! 'టీకా వల్లే' అని ఊరుకుని ఉన్నా అంతే. ఎన్నో ఏళ్లుగా పిల్లల్ని కాపాడుతున్న టీకాకు తల్లిదండ్రులు దూరమయ్యేవారు. కారణం వెతకబట్టే పసివాళ్లకీ, టీకాకీ కూడా న్యాయం జరిగింది.

ఎగువ గోదావరి చెప్పిన పాఠం

కోనసీమకు చేరే గోదావరి అంతకుముందే భద్రాచలాన్ని ఒరుసుకుని వస్తుంది. నాటి ఖమ్మం జిల్లాలోని ఆ భద్రాచలంతో పాటు కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 2009 జులైలో ఓ కార్యక్రమం మొదలైంది. పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలు దాదాపు 14 వేల మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేపట్టిన అధ్యయనం అది. గుజరాత్‌లోని వడోదర జిల్లాలోనూ ఇలాంటిదే జరిగింది. రెండుచోట్లా కలిపి ఏడుగురు బాలికలు మరణించారు. గొడవ పెద్దదై 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆగిపోయింది.

విచారణలో తేలిన కారణాలివి. ఒక బాలిక క్వారీ నీటిలో మునిగిపోయింది. ఒకరు పాము కరిచి చనిపోయారు. ఇద్దరు పురుగుమందు తాగారు. ఒకరిని మలేరియా బలితీసుకుంది. మిగిలిన ఇద్దరిలో ఒకరిది తీవ్రజ్వరం, ఇంకొకరిది మెదడులో రక్తస్రావం కావచ్చన్నారుగానీ కచ్చితంగా తేలలేదు. టీకాకు ముడిపెట్టే ఆధారం దొరకలేదు.

మరి అంతా సవ్యంగానే ఉందా? లేదు. 2013లో పార్లమెంటరీ స్థాయీసంఘం ఆ కాగితాలు తిరగేసి నిర్ఘాంతపోయింది. ఆంధ్రప్రదేశ్‌లో చూసిన 9,543 అంగీకార పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలే. 2,763 పత్రాల మీద సంతకం చేసింది హాస్టల్ వార్డెన్లు! గిరిజన గూడేల్లోని తల్లిదండ్రులకు తమ బిడ్డకు ఏం వేస్తున్నారో, ఎందుకు వేస్తున్నారో తెలియలేదు. టీకా తర్వాత ఏమైనా అయితే గమనించి నమోదుచేసే ఏర్పాటూ సరిగా లేదని సంఘం తప్పుపట్టింది.

టీకా నిర్దోషి అని తేలినా నమ్మకం మాత్రం పోయింది. అదే టీకా గురించి 2024 ఫిబ్రవరిలో కేంద్ర బడ్జెట్ ప్రసంగంలో ప్రస్తావన రావడానికి మధ్యలో పద్నాలుగేళ్లు గడిచాయి. ముందే చెప్పి, అడిగి, లెక్క సరిగా రాసి ఉంటే ఇన్నేళ్లు వృథా అయ్యేవా!

'ఆ ఇంజక్షన్ వల్లే' ఇప్పటికీ...

కరోనా వెనకబడ్డాక కొత్త అనుమానం మొదలైంది. జిమ్‌లోనో, పెళ్లి ఊరేగింపులోనో కుర్రాడు కుప్పకూలితే 'ఆ టీకా ప్రభావమే' అంటున్నారు. దీనిమీదా వైద్య పరిశోధన మండలి దేశంలోని 47 పెద్దాసుపత్రుల్లో అధ్యయనం చేసి 2023లో ఫలితాలు వెల్లడించింది. ఆరోగ్యంగా ఉండి హఠాత్తుగా మరణించిన 18-45 ఏళ్లవారు 729 మందిని, అదే వయసులో బతికున్న 2,916 మందితో పోల్చింది. టీకా ముప్పును పెంచినట్లు కనిపించలేదు. పైగా రెండు డోసులు వేయించుకున్నవారిలో తగ్గినట్లే కనిపించింది. ముప్పు పెంచినవి వేరే... అంతకుముందు కరోనాతో ఆసుపత్రిలో ఉండటం, ఇంట్లో ఇలాంటి హఠాన్మరణాలు జరిగి ఉండటం, మితిమీరి తాగడం, చావుకు కాస్త ముందు శక్తికి మించి శ్రమపడటం.

ఈ జవాబు దొరికింది ఎలా? ఆ 729 ఇళ్లవాళ్లూ పుట్టెడు దుఃఖంలో ఉండి కూడా, వచ్చి అడిగినవారికి ఓపికగా వివరాలు చెప్పబట్టి.

కోర్టు చెప్పిన మాట

2022 మే 2న సుప్రీంకోర్టు ఓ ముఖ్యమైన తీర్పిచ్చింది. ధర్మాసనానికి నేతృత్వం వహించింది తెలుగువారైన జస్టిస్ ఎల్.నాగేశ్వరరావు. టీకా వేయించుకోమని ఎవరినీ బలవంతపెట్టరాదంది. ప్రభుత్వ టీకా విధానం అసమంజసమేమీ కాదనీ అంది. దాంతోపాటు, టీకా తర్వాతి ఇబ్బందులను సామాన్యులు, ప్రైవేటు డాక్టర్లు కూడా నేరుగా నమోదు చేసుకునే వీలుండాలనీ, వ్యక్తుల వివరాలు బయటపడకుండా ఆ నివేదికలను అందరికీ అందుబాటులో ఉంచాలనీ కేంద్రాన్ని ఆదేశించింది.

ఇంకో ప్రశ్న మిగిలింది. నిజంగానే టీకా వల్ల పోయారని తేలితే ఆ కుటుంబానికి ఏం దక్కాలి? బ్రిటన్‌లో 1979 నుంచే దీనికో చట్టం ఉంది. అర్హులకు 1,20,000 పౌండ్లు ఇస్తారు. మనదేశంలో కూతుళ్లను కోల్పోయిన రెండు కుటుంబాలు సుప్రీంకోర్టుకు వెళ్లినప్పుడు, టీకా స్వచ్ఛందమనీ, నష్టపరిహారం కావాలంటే సివిల్ కోర్టుకు వెళ్లవచ్చనీ 2022 నవంబరులో కేంద్రం బదులిచ్చింది. నలుగురి మేలుకోసం చెయ్యి చాపినవాళ్లలో ఏ లక్షమందిలో ఒకరికో కీడు జరిగితే, ఆ ఒకరి బాధ్యత ఆ నలుగురిదీ కాదా అన్నది ఆ తల్లిదండ్రుల ఆవేదన.

మళ్లీ అరుగు దగ్గరికి...

సోమవారం టీకా వేయించుకుని బుధవారం కన్నుమూసిన ఆ పెద్దాయన సంగతేమిటి? ఆయన పోయిన రోజు మధ్యాహ్నానికే దహనం అయిపోతుంది. ఇంటిల్లిపాదీ ఏడుస్తుంటే పోస్టుమార్టం మాట ఎత్తే ధైర్యం ఎవరికుంటుంది? టీకా చీటీ ఏ జేబులోనో ఉండిపోతుంది. ఆసుపత్రి కాగితాలు పదోరోజు సర్దుళ్లలో పోతాయి. నెల తర్వాత అధికారి వచ్చి అడిగినా చేతికివ్వడానికి ఏమీ ఉండదు. ఫైలు చివరి అరలోకి వెళ్లిపోతుంది... 'ఏమీ చెప్పలేం'.

అప్పుడు ఆయన గుండెపోటుతో పోయారో, ఎలర్జీతో పోయారో ఇంట్లోవాళ్లకి ఎప్పటికీ తెలియదు. 'నేనే బలవంతంగా తీసుకెళ్లా'నని కొడుకు జీవితాంతం కుమిలిపోతాడు. ఊరేమో తలుపులు వేసుకుంటుంది.

ఒక్క కాగితం ఉంటే ఆ కొడుకు గుండె తేలికపడేది. లేదా న్యాయం అడగడానికి చేతిలో ఆధారం ఉండేది. రెండింట్లో ఏదైనా, చెట్టుకింద నిలబడి కాకిని తిట్టుకోవడం కన్నా మేలే కదా!

*

ఇంట్లో ఇవి గుర్తుంచుకోండి

* టీకా చీటీ పారేయొద్దు. దానిమీద తేదీ, మందు పేరు, బ్యాచ్ నంబరు ఉన్నాయో లేదో అక్కడే చూసుకోండి.

* వేయించుకున్నాక అరగంట కేంద్రంలోనే కూర్చోండి. గతంలో మందులకు ఎలర్జీ వచ్చి ఉంటే ముందే చెప్పండి.

* ఒకట్రెండు రోజుల జ్వరం, నొప్పి మామూలే. ఊపిరాడకపోవడం, ముఖం వాపు, ఒళ్లంతా దద్దుర్లు, మూర్ఛ, ఛాతీ నొప్పి, ఎంతకీ తగ్గని తలనొప్పి ఉంటే ఆసుపత్రికి వెళ్లండి. ఫలానా రోజు టీకా వేయించుకున్నామని డాక్టరుకి తప్పక చెప్పండి.

* పిల్లలకు జ్వరానికి మాత్ర ఇస్తే దాని పేరు చదివించుకుని, ఎంత వేయాలో అడిగి తెచ్చుకోండి.

* ఏదైనా తీవ్రంగా జరిగితే ఏఎన్ఎంకీ, ఆరోగ్యకేంద్రం డాక్టరుకీ చెప్పి నమోదు చేయమనండి. మందుల దుష్ప్రభావాలను నమోదుచేసే జాతీయ కార్యక్రమం ఉచిత నంబరు 1800-180-3024.

* ఆసుపత్రిలో చేరితే కేస్ షీటు, పరీక్షల కాగితాల నకళ్లు అడిగి తీసుకోండి. మరణం సంభవిస్తే, ఎంత కష్టమైనా, పోస్టుమార్టానికి ఒప్పుకోవడం గురించి ఇంటి పెద్దలు ఆలోచించాలి. అది పోయినవారికి అపచారం కాదు. వాళ్ల తరఫున అడిగే చివరి ప్రశ్న.